ఆల్బమ్ చివరి పాట: బీటిల్స్ రికార్డులలో ముగింపు రూపొందిన తీరు (1963–1970)

ఉపోద్ఘాతం

కర్ణాటక సంగీత కచేరీకి ముగింపు ముందే నిర్ణయమై ఉంటుంది. గాయకుడు ఆ సాయంత్రం ఏ రాగాన్ని విస్తరించినా, ఎన్ని కీర్తనలు పాడినా చివరకు మంగళం పాడవలసిందే. మంగళం ఎత్తుకోగానే శ్రోతలకు సంగతి అర్థమవుతుంది. హరికథకూ, యక్షగానానికీ, భజనకూ ఇదే మర్యాద. తెలుగు చలనచిత్రం కూడా చాలాకాలం తెరమీద ‘శుభం’ అని చూపించి ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపింది. గ్రామఫోను రికార్డుకు మాత్రం ఇటువంటి ఆచారం ఏదీ వారసత్వంగా రాలేదు. పది పన్నెండు పాటలను ఒక పళ్ళెం మీద వరుసగా పేర్చినప్పుడు ఆఖరున ఏది ఉండాలో చెప్పే శాస్త్రం లేదు, సంప్రదాయం లేదు. అయినా ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆల్బమ్ చివరి పాట శ్రోతలు ప్రత్యేకంగా గమనించే స్థానంగా మారింది.

ఈ మార్పును స్పష్టంగా చూపే ఉదాహరణ ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన బీటిల్స్ బృందం. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు 1963 నుంచి 1970 వరకు వెలువరించిన ఆల్బమ్‌ల చివరి పాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ ముగింపులను ఎవరు నిర్ణయించారు, దేనినిబట్టి నిర్ణయించారు అన్నది ఇక్కడి ప్రశ్న. కంపెనీ అవసరం, గాయకుడి గొంతు, గాడి వెడల్పు, కత్తిరించి పారేయవలసిన టేపు ముక్క: వీటన్నిటికీ ఈ చరిత్రలో పాత్ర ఉంది. కళాకారుని సంకల్పం వీటి వెనుకనుంచి, కొంత ఆలస్యంగా వచ్చింది.

పళ్ళెం, గాడి, ముల్లు

నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుకు ఒక్కో వైపున మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా సంగీతం పట్టేది. పెద్ద రచనలను వినిపించాలంటే అనేక రికార్డులు కావాలి. వాటిని అట్టల మధ్య, ఫొటోల పుస్తకంలాగా కుట్టిన సంచుల్లో పెట్టి అమ్మేవారు. ‘ఆల్బమ్’ అన్న మాట సంగీతానికి అంటుకున్నది అలాగే. 1948 జూన్‌లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి ముప్పై మూడుంపాతిక కన్నా కొంచెం ఎక్కువసార్లు తిరిగే ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టింది. పన్నెండు అంగుళాల ఈ వినైల్ పళ్ళెంలో ఒక్కో వైపున ఇరవై నిమిషాల పైచిలుకు సంగీతం పట్టింది. కుట్టిన పుస్తకం పోయినా ఆల్బమ్ అన్న పేరు నిలిచింది.

ఈ పళ్ళేనికి ఒక లోపం పుట్టుకతోనే ఉంది. అది ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది గాని, ముల్లు కింద గాడి సాగే వేగం మాత్రం స్థిరంగా ఉండదు. అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నడిస్తే, లోపలి అంచుకు చేరేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే ఒక సెకను శబ్దాన్ని సగం కంటె తక్కువ చోటులో ఇరికించాలి. తాళాల మిలమిల, గొంతులోని ‘స’కార ‘శ’కారాలు అక్కడే మొదట చెడిపోతాయి. కాబట్టి ప్రతి వైపు చివరన నెమ్మదైన, సన్నని వాద్యసమ్మేళనం ఉన్న పాటను పెట్టడం రికార్డు కోసే ఇంజనీర్లకు సుఖం. ఎన్నో ఎల్.పి.లు మెల్లని పాటతో ముగియడానికి శ్రోతను జోకొట్టాలన్న ఆలోచనతోపాటు ఈ ఇరుకు కూడా ఒక కారణం.

గొంతు పోయే పాట

బీటిల్స్ తొలి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ ముగింపు ఈ సుఖానికి ఎదురు నడిచింది. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో ఆబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో ఒకే రోజున ఆల్బమ్‌కు కావలసిన పది పాటలు రికార్డు చేశారు. మిగిలిన నాలుగు అప్పటికే విడివిడి రికార్డులుగా వచ్చినవి. రాత్రి పది గంటల ప్రాంతానికి ఒక పాట మిగిలింది. ఐస్లీ బ్రదర్స్ 1962లో ప్రచారంలోకి తెచ్చిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ అది. లెనన్‌కు ఆ రోజు జలుబు. పొద్దుటినుంచి పాడి పాడి గొంతు గీరుకుపోయింది. ఆ పాట గొంతు చించుకుని పాడవలసినదని నిర్మాత జార్జ్ మార్టిన్‌కు తెలుసు. ముందే పాడిస్తే మిగతా పాటలకు గొంతు ఉండదని దాన్ని చివరికి ఉంచాడు. మొదటి ప్రయత్నంలోనే పాట కుదిరింది. రెండోసారి ప్రయత్నించారు గాని లెనన్ గొంతులో ఇంకేమీ మిగలలేదు. మార్చి 22న విడుదలైన ఆల్బమ్‌లో ఉన్నది ఆ మొదటి ప్రయత్నమే.

రికార్డింగు క్రమంలో చివరిది కావడానికి కారణం శారీరకం. ఆల్బమ్ క్రమంలో చివరిది కావడానికి కారణం మార్టిన్ పాటించిన వ్యాపార సూత్రం. ప్రతి వైపు బలంగా మొదలుకావాలి, బలంగా ముగియాలి, కొంచెం బలహీనమైన పాటలను ఆ ముగింపుకు ముందు సర్దాలి. ఈ రెండు కారణాలకూ పొత్తు కుదరడం యాదృచ్ఛికమే అయినా, వినేవానికి అది నాటకీయంగా తోస్తుంది. పద్నాలుగు పాటల శ్రమ అంతా ఆ గరగర ధ్వనిలో వినిపిస్తుంది. దాని తరువాత ఏ పాట పెట్టినా వెలవెలపోతుంది. ఆల్బమ్ మొత్తం నిడివి ముప్పై మూడు నిమిషాల లోపే కావడంతో గాడి మరీ లోపలికి పోనవసరం లేకపోయింది. ఇంజనీర్ల ఇబ్బంది ఆ మేరకు తగ్గింది.

ఒకసారి ఫలించినది వెంటనే అలవాటుగా మారింది. అదే ఏడాది నవంబరు 22న వచ్చిన ‘విత్ ద బీటిల్స్’ కూడా ఇతరుల రచనతో, లెనన్ అరుపుతో ముగుస్తుంది. 1964లో ‘ఎ హార్డ్ డేస్ నైట్’ మాత్రం ‘ఐ విల్ బి బ్యాక్’ అనే సందిగ్ధమైన, మెల్లని పాటతో నిలిచిపోతుంది. ఆల్బమ్‌లోని పదమూడు పాటలూ లెనన్, మెకార్ట్నీల సొంత రచనలే కావడం ఇక్కడ గమనార్హం. అయినా అలవాటు మళ్ళీ తలెత్తింది. 1965 నాటి ‘హెల్ప్!’లో చివరనుంచి రెండో పాట ‘యెస్టర్‌డే’. తీగవాద్య చతుష్టయంతో మెకార్ట్నీ ఒక్కడే పాడిన ఆ పాట ముగిసి శ్రోత నిశ్శబ్దంలో ఉండగా ‘డిజ్జీ మిస్ లిజ్జీ’ అనే పాత రాక్ పాట గిటార్ మోతతో దూకుతుంది. సూత్రం పాటను గెలిచిన సందర్భం ఇది. ‘యెస్టర్‌డే’ను చివరన ఉంచే ధైర్యం ఆనాటికి ఇంకా ఎవరికీ రాలేదనే చెప్పాలి.

కంపెనీకి ఈ క్రమం పట్ల ఏ మాత్రం గౌరవం ఉండేదో అమెరికా విడుదలలు చెబుతాయి. అక్కడి క్యాపిటల్ సంస్థ బ్రిటిష్ ఆల్బమ్‌లను విడగొట్టి, పాటలు తగ్గించి, విడి రికార్డులను చేర్చి వేరే ఆల్బమ్‌లుగా అమ్మింది. ఒకే బృందం, అవే పాటలు, కాని అట్లాంటిక్‌కు ఇటు ఒక ముగింపు, అటు ఒక ముగింపు. పాట రచన అని అందరూ ఒప్పుకున్నారు. పాటల వరుస కూడా రచనే అన్న భావన ఇంకా పుట్టలేదు.

మొదటిది చివరిది కావడం

1966 ఏప్రిల్ 6న ‘రివాల్వర్’ ఆల్బమ్ పని మొదలైంది. మొట్టమొదట చేపట్టిన పాట ‘టుమారో నెవర్ నోస్’. ఆగస్టు 5న ఆల్బమ్ వెలువడేసరికి అది చివరి పాట అయింది.

ఈ తలకిందుల అమరిక వెనుక ఉన్న తర్కాన్ని పాట స్వరూపంలోనే చూడాలి. పాట మొత్తం దాదాపు ఒకే శ్రుతి మీద, తంబురా నాదం మీద నిలుస్తుంది. పాశ్చాత్య పాటలో ఒక స్వరసమూహం నుంచి ఇంకో స్వరసమూహానికి సాగే ప్రయాణమే కథ. ఇక్కడ ఆ ప్రయాణం లేదు. హారిసన్‌కు అప్పటికే హిందుస్థానీ సంగీతంపై కలిగిన ఆసక్తి దీనికి దోహదం చేసింది. లెనన్ తన గొంతు కొండశిఖరం మీదినుంచి పలికే దలైలామా గొంతులా ఉండాలన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ ఇంజనీరు జెఫ్ ఎమరిక్ ఆ గొంతును హామండ్ ఆర్గన్‌కు వాడే తిరుగుడు స్పీకరు గుండా పంపించాడు. ఉంగరాలుగా అతికించిన ఐదు టేపు ముక్కలను వేర్వేరు యంత్రాలపై తిప్పుతూ, సిబ్బంది పెన్సిళ్ళతో వాటిని బిగువుగా పట్టుకోగా, ఆ శబ్దాలను అప్పటికప్పుడు కలిపారు. ఆ కలయికను మళ్ళీ అదే విధంగా సాధించడం సాధ్యం కాదు.

ఇటువంటి పాటను ఆల్బమ్ నడుమ ఉంచితే తరువాతి పాట పాతబడిపోతుంది. మొదట ఉంచితే శ్రోత బెదరవచ్చు. ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను చివరన పెట్టించిన సూత్రమే, అంటే దీని తరువాత ఇంకేదీ నిలవదన్న గ్రహింపే, ఇక్కడా పనిచేసింది. కాని అక్కడ నిలవనిది గొంతు. ఇక్కడ నిలవనిది అప్పటిదాకా వచ్చిన సంగీత పద్ధతి. చివరి పాట గడిచినదానిని మూసే తలుపుగా ఉండనవసరం లేదనీ, రాబోయేదానికి గుమ్మంగా ఉండవచ్చుననీ బీటిల్స్ ఆల్బమ్‌లలో తొలిసారి కనిపించేది ఇక్కడే. క్యాపిటల్ సంస్థ ఈ ఆల్బమ్‌లోనుంచి కూడా మూడు పాటలు తీసేసింది గాని, ముగింపును కదిలించలేదు.

మంగళం పాడిన తరువాత

1967 నాటి ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఒక కల్పిత బృందం ఇచ్చే కచేరీగా మొదలవుతుంది. సహాయకుడు నీల్ ఆస్పినాల్ సూచన మేరకు ఆ ఆరంభగీతాన్నే వేగం పెంచి, శ్రోతలకు వీడ్కోలు చెప్పే పాటగా ఏప్రిల్ 1న మళ్ళీ రికార్డు చేశారు. కచేరీ మర్యాద ప్రకారం అదే మంగళం. ఆల్బమ్ అక్కడితో ఆగితే చక్కగా ఉండేది. కాని ఆగలేదు. చప్పట్ల చప్పుడు లోనుంచే ఒక గిటార్ వినిపించి ‘ఎ డే ఇన్ ద లైఫ్’ మొదలవుతుంది. మంగళం పాడేసిన తరువాత, వేషాలు తీసేసిన తరువాత మొదలయ్యే పాట అది. కల్పిత బృందానికి దానితో సంబంధం లేదు.

ఈ పాట నిర్మాణం జనవరి 19న ఆరంభమైంది. లెనన్ రాసిన భాగాలకూ మెకార్ట్నీ రాసిన భాగానికీ నడుమ ఇరవై నాలుగు ఆవర్తాల ఖాళీని వదిలారు. ఏమి నింపాలో అప్పటికి తెలియదు. మాల్ ఎవన్స్ అనే సహాయకుడు గట్టిగా లెక్కపెడుతూ ఆ ఖాళీని కొలిచాడు. చివరకు ఫిబ్రవరి 10న నలభై మంది వాద్యకారులను రప్పించి, ప్రతి ఒక్కరూ తమ వాద్యంలో అందే అతి మంద్రస్వరం నుంచి తారస్థాయి వరకు ఎవరి దారిన వారు ఎక్కాలని చెప్పారు. పక్కవానితో కలిసి వాయించడమే జీవితాంతం నేర్చుకున్న వారికి పక్కవానిని వినవద్దని చెప్పడం ఎంత విడ్డూరమో ఊహించవచ్చు.

ఆ ఆరోహణ తరువాత ఏమి రావాలి అన్నది నిజమైన చిక్కు. అందరూ కలిసి హుంకారంగా ఒక స్వరం పాడి చూశారు, అది చాలలేదు. ఫిబ్రవరి 22న లెనన్, మెకార్ట్నీ, స్టార్, ఎవన్స్ కలిసి మూడు పియానోల మీద ఒకే క్షణాన ఇ మేజర్ స్వరసమూహాన్ని మోదారు. మోత సన్నగిల్లుతున్నకొద్దీ ఇంజనీరు గ్రహణస్థాయిని పెంచుతూ పోయాడు. నలభై సెకన్లకు పైగా సాగే ఆ నాదం చివరి దశలో స్టూడియోలోని గాలి, కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా వినిపిస్తాయి. అంతవరకు రికార్డు ముగింపు అంటే శబ్దాన్ని తగ్గించుకుంటూ పోవడం. ఇక్కడ శబ్దం తనంత తాను చనిపోతుంటే మనిషి దాన్ని పట్టి నిలిపే ప్రయత్నం కనిపిస్తుంది. ఆ నాదానికి ఇంతటి గాంభీర్యం అబ్బడానికి ఈ పెనుగులాటే కారణమనిపిస్తుంది.

బ్రిటిష్ ముద్రణలో దాని తరువాత ఇంకొకటి ఉంది. కుక్కలకు బాగా, మనుషులకు అంతంతమాత్రంగా వినిపించే సుమారు 15 కిలోహెర్ట్జ్ ధ్వని ఒకటి. ఆపైన ముల్లు విశ్రమించే లోపలి వలయంలో అర్థంలేని మాటల గోల. ముల్లును తానుగా ఎత్తే యంత్రంలో అది క్షణకాలం వినిపించి ఆగిపోతుంది. అటువంటి యంత్రం లేని ఇంట్లో, ఎవరైనా లేచి వెళ్ళి ముల్లు ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటుంది. అంటే ఆల్బమ్‌ను ముగించే పని శ్రోత చేతికి వచ్చింది. అమెరికా ముద్రణలో ఈ తోకను వదిలేశారు. పాటల వరుస మాత్రం మొదటిసారిగా రెండు దేశాలలోనూ ఒక్కటే అయింది. వరుసను మార్చరాదన్న గుర్తింపు బీటిల్స్‌కు దక్కిన సందర్భంగా దీనిని పరిగణించాలి. 1987లో ఈ ఆల్బమ్ కాంపాక్ట్ డిస్కుగా వచ్చినప్పుడు ఆ వలయాన్ని కొన్నిసార్లు తిప్పి నెమ్మదిగా మాయం చేశారు.

జోలపాట, తెగిన టేపు

1968 నవంబరులో వచ్చిన రెండు పళ్ళేల ‘ద బీటిల్స్’ ఆల్బమ్‌లో ముప్పై పాటలున్నాయి. వాటిని వరుసలో పెట్టడానికి లెనన్, మెకార్ట్నీ, మార్టిన్ అక్టోబరు 16 సాయంత్రం కూర్చుని మరునాటి సాయంత్రం దాకా, ఇరవై నాలుగు గంటలు పనిచేశారు. అయిదేళ్ళ కిందట అంతకన్నా తక్కువ వ్యవధిలో ఒక ఆల్బమ్‌కు కావలసిన పాటలన్నీ పాడేశారు. ఇప్పుడు వరుస కుదర్చడానికే ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. చివరన ఎనిమిది నిమిషాలు దాటే శబ్దాల కలగాపులగం ‘రెవల్యూషన్ 9’, దాని వెంటనే లెనన్ తన కొడుకు జూలియన్ కోసం కట్టిన జోలపాట ‘గుడ్ నైట్’. రింగో స్టార్ గొంతు, మార్టిన్ కూర్చిన తీగవాద్యాలు, గాయకబృందం తప్ప మిగిలిన ముగ్గురూ అందులో లేరు. ఆ జోలను విడిగా వింటే మరీ తీపి. పీడకల వంటి శబ్దాల తరువాత వింటే అది అవసరం.

‘ఆబీ రోడ్’ (1969 సెప్టెంబరు 26) ముగింపులో యాదృచ్ఛికత మళ్ళీ ప్రవేశించింది. రెండో వైపు పాటల మాలిక ‘ద ఎండ్’ అనే పాటతో, పేరుకు తగినట్టుగా ముగియాలి. బీటిల్స్ రికార్డులలో స్టార్ చేసిన ఏకైక డ్రమ్ తనియావర్తనం అందులోనే ఉంది. మెకార్ట్నీ, హారిసన్, లెనన్ వంతులవారీగా గిటార్ వాయించినదీ అందులోనే. ఇంతకన్నా కావాలని కట్టిన ముగింపు ఉండదు. అయితే మాలిక నడుమ ఉన్న ‘హర్ మెజెస్టీ’ అనే 23 సెకన్ల చిన్న పాట నచ్చక మెకార్ట్నీ దాన్ని తీసేయమన్నాడు. బీటిల్స్ పాడినదేదీ పారేయకూడదన్న ఆదేశం మేరకు సహాయక ఇంజనీరు జాన్ కర్లాండర్ ఆ ముక్కను టేపు కొసకు, కొంత ఖాళీ టేపు తరువాత, అతికించి ఉంచాడు. నమూనా రికార్డులో అది ‘ద ఎండ్’ తరువాత కొన్ని సెకన్ల నిశ్శబ్దం గడిచాక హఠాత్తుగా వినిపించింది. మెకార్ట్నీకి నచ్చింది, అలాగే ఉంచారు. అందుకే ఆ పాట పూర్వపు పాటకు చెందిన ఆఖరి మోతతో మొదలై, తన ఆఖరి స్వరం లేకుండా తెగిపోతుంది. తొలి ముద్రణల అట్టమీద దాని పేరు కూడా లేదు. గంభీరమైన వీడ్కోలు తరువాత వచ్చే ఆ తుంటరి ముక్క అధికారికమైన ముగింపును కాస్త ఎగతాళి చేస్తుంది. ఆల్బమ్‌కు అది మేలే చేసింది.

ఇదే ఆల్బమ్‌కు ఇంకొక ముగింపు ఉండవలసింది. నలుగురూ కలిసి ఇ.ఎం.ఐ. స్టూడియోలో చివరిసారి ఉన్న ఆగస్టు 20 నాటి తాత్కాలిక క్రమంలో రెండు వైపులూ తారుమారుగా ఉన్నాయి. ఆ క్రమమే నిలిచి ఉంటే, లెనన్ చెప్పిన చోట ఎమరిక్ కత్తెరతో టేపును ఖండించిన ‘ఐ వాంట్ యూ’ ఆల్బమ్ చివర వచ్చేది. ఏడు నిమిషాలకు పైగా పేరుకుంటూ వచ్చిన మోత ఒక్కసారిగా శూన్యమైపోతుంది. ఇప్పుడది మొదటి వైపు చివరన ఉంది. ఎల్.పి. వినే శ్రోత ఆ శూన్యంలో లేచి, పళ్ళెం తిరగేసి, ‘హియర్ కమ్స్ ద సన్’ వినేవాడు. డిస్కులోను, తరువాత అంతర్జాల ప్రసారంలోను ఆ తిరగేయడం లేదు. మబ్బుకూ ఎండకూ నడుమ క్షణమాత్రమే వ్యవధి.

ఒకే టేపులు, మూడు ముగింపులు

1969 జనవరిలో చిత్రీకరిస్తూ రికార్డు చేసిన పాటలు ‘ఆబీ రోడ్’ కన్నా ముందువే అయినా ఆల్బమ్‌గా వెలువడినవి తరువాతనే. ఇంజనీరు గ్లిన్ జాన్స్ ఆ ఏడాది మే నెలలో సిద్ధం చేసిన రూపం ‘గెట్ బ్యాక్’ పాటకు చెందిన చిన్న పునరావృత్తితో ముగుస్తుంది. దాన్ని విడుదల చేయలేదు. ఫిల్ స్పెక్టర్ చేతిలో రూపుదిద్దుకుని, బృందం విడిపోయిందన్న వార్త వచ్చిన తరువాత 1970 మే 8న వెలువడిన ‘లెట్ ఇట్ బీ’ కూడా ‘గెట్ బ్యాక్’తోనే ముగుస్తుంది. పాట చివర లెనన్ శ్రోతలకు కృతజ్ఞతలు చెప్పి, తాము ఈ పరీక్షలో నెగ్గామనే ఆశిస్తున్నామని చమత్కరిస్తాడు. జనవరి 30న సావిల్ రో వీధిలోని భవనం డాబామీద వాయించినప్పుడు అన్న మాట అది. పాట మాత్రం డాబామీదిది కాదు. మూడు రోజుల ముందు లోపల, స్టూడియోలో రికార్డు చేసినది. లోపలి పాటకు బయటి మాటను అతికించి స్పెక్టర్ ఒక వీడ్కోలును తయారుచేశాడు. అన్న రోజున లెనన్‌కు అది వీడ్కోలు కాదు. ఆ తరువాత వారు ఇంకొక ఆల్బమ్ చేశారు.

2003 నవంబరులో స్పెక్టర్ చేర్పులను తొలగించి ‘లెట్ ఇట్ బీ... నేకెడ్’ విడుదలైంది. అందులో ‘గెట్ బ్యాక్’ మొదటి పాట. దాని కొసన వినిపించే లెనన్ మాటలు లేవు. చివరి పాట మెకార్ట్నీది: ‘లెట్ ఇట్ బీ’.